పెద్దబాపు పరిచిన చెక్కనేల

పెద్దబాపు పోయాడన్న కబురు నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది వాళ్ల ఇంట్లో పైవాటాలో కిరాయికి ఉండే సారు. "అమ్మాయ్, మీ పెద్దనాన్నగారు ఇక లేరమ్మా. టీ తాగుతూ కుర్చీలోనే పోయారు. నువ్వు తొందరగా వచ్చెయ్. మీ పెద్దమ్మగారు తల ఎత్తి ఎవర్నీ చూడట్లేదు" అన్నారు. ఎల్బీ నగర్ నుంచి కొత్తపేట ఎంత దూరం గనక! ఆ కాస్త దూరమూ ఆ రోజు ఎంతకీ తరగలేదు.

సారు కంటే, డాక్టరు కంటే ముందు ఆ సంగతి పెద్దమ్మకే తెలిసింది. పెద్దబాపు వైపు వీపు పెట్టి, నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోందట. ఆయన చేతిలో గ్లాసు కిందపడింది. పెద్దమ్మకు చెవులు వినపడవు. చాలా ఏళ్లుగా బొత్తిగా వినపడవు.

"గిలాస వడ్డదని ఎరుకైంది బిడ్డా. వడితె లేసి తీస్తడు గదా అనుకున్న. లేస్తలేడు. కుర్సీ కదుల్తలేదు. గప్పుడు నాకు అర్థమైంది" అంది నన్ను పట్టుకుని.

వెనక్కి తిరిగి చూడకముందే ఆమెకు ఆ మాట చెప్పింది నేల. ఆ నేలను పరిచింది పెద్దబాపు. ఆ కథ చెప్పకుండా ఆయన గురించి నేనేం చెప్పినా సగమే అవుతుంది.

ఆయన మా నాన్నకు అన్న. మాది పోచంపల్లి దగ్గర ఒక నేతపల్లె. చిన్నప్పుడు మగ్గం మీద కూర్చున్నవాడే కానీ, తరవాత దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాడు. రోజంతా చీరలు విప్పి చూపించడం, బేరం కుదరకపోతే చిరునవ్వుతో మళ్లీ మడతపెట్టడం ఆయన పని. గోడకు మేకు కొట్టాలన్నా ఎవరినో ఒకరిని పిలిచే మనిషి. అలాంటివాడు నడివయసు దాటాక, తెలంగాణ కొట్లాట జోరు మీదున్న రోజుల్లో, తన చేతులతో తన ఇంట్లో టేకు చెక్కల నేల పరిచాడు. 

అంతకు కొంతకాలం ముందు పెద్దమ్మకు పెద్ద జ్వరం వచ్చింది. దవాఖానలో ప్రాణం నిలబెట్టారు గానీ చెవులు పోయాయి. మిషన్ పెట్టినా లాభం లేదన్నారు. మాటలు పోలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి చాలావరకు అర్థం చేసుకునేది కూడా. ఆమెను తినేసింది మాత్రం భయం. వెనక నుంచి ఎవరు వస్తున్నారో తెలియని భయం. ఒకసారి పెద్దబాపు వంటింట్లోకి వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి కాగే నూనె చేతి మీద ఒంపుకుంది. ఆ తరవాత ఆమె ఎవరికీ వీపు చూపించలేదు. ముందుగదిలో గోడకు ఆనుకుని, తలుపు వైపు కళ్లు పెట్టుకుని కూర్చునేది. సొంత ఇంట్లో బస్టాండులో కూర్చున్నట్టు కూర్చునేది. పొయ్యి దగ్గర నిలబడితే తలుపు తన వెనక ఉంటుందని వంట కూడా మానేసింది. పెద్దబాపు వండిన పప్పు మేమంతా మెచ్చుకుంటూ తిన్నాం, దేవుడు మమ్మల్ని క్షమించాలి.

ఆ రోజుల్లోనే ఊళ్లో చుట్టాల పెళ్లికి వెళ్లాం. వాళ్లది పాతకాలపు ఇల్లు, మిద్దె మీద చెక్కల నేల. పెద్దమ్మ పైన కిటికీ దగ్గర, మెట్లకు వీపు పెట్టి కూర్చుంది. ఎవరైనా మెట్లెక్కి గదిలో అడుగు పెడితే చాలు, తల తిప్పి చూస్తోంది. అది పెద్దబాపు ఒక్కడే గమనించాడు. ఇక పెళ్లి సంగతి వదిలేసి గది ఈ మూల నుంచి ఒకసారి, ఆ మూల నుంచి ఒకసారి కాలితో నేలను తట్టడం మొదలుపెట్టాడు. తట్టినప్పుడల్లా ఆమె తిరిగి చూసింది. భోజనాల దగ్గర ఎవరో ఆయనకు ఎక్కువైందని గొణిగారు. ఆయన తాగింది మజ్జిగ.

తిరిగి వచ్చిన మరునాడే ఇంట్లో చెక్కనేల వేస్తానన్నాడు. అందరూ తలో మాట అన్నారు. లోకమంతా మార్బుల్ వేయించుకుంటుంటే చెక్కేంది, చెదలు పడితే ఏం చేస్తవు అన్నారు. ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు వచ్చి చూశారు. బండల మీద జిగురు పూసి చెక్క అతికిస్తామన్నారు. "అతికిస్తె బండకు చీర కట్టినట్టయితది. కింద బోలుగ ఉండాలె, అప్పుడే మాట్లాడ్తది" అన్నాడు పెద్దబాపు. వాళ్లు ఆయన్ని వింతగా చూసి వెళ్లిపోయారు. అందుకే తనే పూనుకున్నాడు.

బంద్‌లంటే దుకాణం మూత, నా బడికీ సెలవు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద జై తెలంగాణ నినాదాలు, కొత్తపేట గల్లీలో పెద్దబాపు కొలతలు. పడగొట్టిన పాత ఇంటి టేకు దూలాలు కొని, సామిల్లులో పలకలుగా కోయించి, ఒక అంచుకు గాడి, ఇంకో అంచుకు ఆ గాడిలో దిగే నాలుక తీయించాడు. పలకలు ఇంటికి చేరగానే వేసేద్దామని మేము ఉబలాటపడ్డాం. పైవాటా సారు మెట్ల మీద నుంచే ఆపారు. ఆయనది గోదావరి వైపు, అక్కడ కలప అడితిలో పనిచేసి వచ్చిన మనిషి.

"అలా వేసెయ్యకండి. గదిలో పేర్చి కొన్నాళ్లు వదిలెయ్యండి. ఈ ఇంటి గాలి దానికి అలవాటవ్వాలి" అన్నారు.

పెద్దబాపుకు ఆ మాట నచ్చింది. పలకల దొంతర పక్కన చాయ్ తాగుతూ నాకు చెప్పాడు: "మన చిటికి పనిల గింతే గదా బిడ్డా. దారానికి ముడులు గట్టి, రంగులల్ల ముంచి, బొమ్మ అంత ముందే తయారు జేసుకుంటం. మగ్గం ఎక్కినంక సోచాయిస్తె చీర కరాబైతది."

అలాగే ముందే అంతా ఆలోచించాడు. దారం మీద బొమ్మకు గుర్తులు పెట్టుకున్నట్టే బండల మీద బొగ్గుతో గీతలు గీశాడు. మన ఇళ్లలో కడిగిన నీళ్లు పోవడానికి నేలకు వాలు పెడతారు కదా, చెంబుతో నీళ్లు పోసి ఆ వాలు ఎటుందో చూసుకున్నాడు. బండల మీద రీపర్లు, అంటే సన్నటి కర్ర బద్దలు వరసగా పరిచి, వాటి మీద పలక పెట్టి, పెద్దమ్మను ఒక చివర కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. రెండో చివర తను నడిచాడు. రీపర్లు దగ్గరగా ఉంటే ఆమెకు ఏమీ తెలియలేదు. దూరం జరిపితే "ఊగుతున్నది, నాకు భయమైతుంది" అని దిగిపోయింది. మళ్లీ జరపడం, మళ్లీ నడవడం. చివరికి ఒకచోట ఆమె కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి, "గిప్పుడు నువ్వు కుడికాలు వెట్టినవ్" అంది. పెద్దబాపు బొగ్గు చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

రీపర్లకు చెదలమందు పూసి, పలకలు దింపడం మొదలుపెట్టాక సారు ఇంకో మాట చెప్పారు. గోడ పక్కన చుట్టూ వేలెడు సందు వదలాలని.

"సందు ఇడిస్తె అది పనేనా సారూ? పోగు పక్కన పోగు, గట్టిగ కొట్టాలె" అన్నాడు పెద్దబాపు. అంతటితో ఊరుకోక, "మీ ఆంధ్రోళ్లకు గోడ కాడ గూడ జాగ కావాల్నా?" అన్నాడు.

"మమ్మల్ని ఎలాగూ పొమ్మంటున్నారు. ఆ చెక్కనైనా ఉండనివ్వండి మహానుభావా" అన్నారు సారు. ఇద్దరూ నవ్వారు గానీ ఆ నవ్వుల్లో కాస్త కారం ఉంది. సారు పైకి వెళ్లిపోయారు. పెద్దబాపు మగ్గం మీద పేకను కొట్టినట్టు, సుత్తితో ఒక్కో పలకనూ పక్కదానిలోకి కొట్టి, గోడ నుంచి గోడకు ఈగ దూరకుండా బిగించాడు.

పని అయిపోయిన వారంలోనే నేను చూసింది చెబుతాను. మధ్యాహ్నం వెళ్లేసరికి పెద్దమ్మ ముందుగదిలో తలుపుకు వీపు పెట్టి కూర్చుని బియ్యం ఏరుతోంది. గోడ దగ్గర కాదు, గది నడుమ. నేను ఒక్క అడుగు వేశాను. తల తిప్పకుండానే, "పిల్లా, చెప్పులు బయట ఇడిసి రా" అంది.  చెప్పులు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

వానలు పడ్డాయి. చెక్క ఉబ్బింది. ఎటూ జరగడానికి చోటు లేక గది నడుమ గూనిలా లేచింది. అడుగు వేస్తే చప్పుడు అక్కడే చచ్చిపోతోంది. పెద్దమ్మ కాలు తట్టుకుని పడబోయింది. మరునాటికి ఆమె మళ్లీ గోడకు ఆనుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చుంది. పెద్దబాపు ఆ గూనినీ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. తరవాత లేచి పైకి వెళ్లాడు. కొట్లాట ఎంత వేడిగా ఉన్నా ఆ మెట్లు ఎక్కడానికి ఆయనకు నామోషీ అనిపించలేదు, అదీ నాకు వింతే.

"సారూ, జాగ ఇడువాల్సిందే. జర కిందికి రాండ్రి."

సారు ఒక్క దెప్పుడు మాట అనలేదు. "రంపం ఉందా?" అని మాత్రం అడిగారు. ఇద్దరూ లుంగీలు ఎగగట్టి గోడల పక్క పలకలు ఊడదీశారు, కోశారు, మళ్లీ దించారు. సందు కనపడకుండా గోడకు చుట్టూ సన్నటి పట్టీ కొట్టారు. తెలంగాణ వస్తుందా రాదా అని వాదించుకుంటూనే కోశారు. పని చేస్తూ చేస్తూ పెద్దబాపు చెక్క మీద అరచెయ్యి పెట్టి అన్న మాట నాకు అక్షరం మరిచిపోకుండా గుర్తుంది: "చెట్టు కొట్టి ఎన్నేండ్లాయెనో. ఇంకా వాన వస్తున్నదని దీనికి ఎరుకే."

ఆ తరవాత ఒక రోజు గల్లీలోంచి ఊరేగింపు వచ్చింది. ఇంకా మలుపు అవతలే ఉంది. పెద్దమ్మ వంటింట్లోంచి చేతిలో గరిటెతో ముందుగదిలోకి వచ్చింది. అవును, అప్పటికి మళ్లీ వంట ఆమెదే. చెక్క మీద నిలబడి ఆగిపోయింది. అరికాళ్ల వైపు చూసుకుంది.

"డప్పులా?" అంది. "ఏమయ్యో, డప్పులు గొడుతున్నరా?"

పెద్దబాపు తల ఊపాడు. ఊరేగింపు గేటు ముందుకు వచ్చేసరికి నేలంతా సన్నగా వణుకుతోంది, నాకూ తెలిసింది. జ్వరం వచ్చినప్పటి నుంచీ చుట్టూ ఏ చప్పుడూ లేకుండా బతికిన మనిషి, కళ్లు మూసుకుని కాళ్లతో డప్పు వింది. నవ్వుతోంది. మెట్ల మీద నిలబడ్డ పైవాటా సారు ఆ ఊరేగింపును చూడలేదు, ఆమెనే చూశారు. నాకు తెలియకుండానే దండం పెట్టాను; గుళ్లో హారతి అప్పుడు కూడా నా చేతులు అంత తేలిగ్గా కలవలేదు.

ఆ ఇంట్లో పెద్దబాపుకు ఒక అలవాటు స్థిరపడింది. గడప దాటి చెక్క మీద అడుగు పెట్టగానే మడమతో మెల్లగా రెండుసార్లు తట్టేవాడు. నీ నడక ఆమెకు తెలుసు కదా పెద్దబాపూ, మళ్లీ ఎందుకు అని అడిగాను. "ఎరుకే. అయినా చెప్పి రావాలె బిడ్డా. సొంతిల్లు గదా అని చెప్పకుంట జొరవడ్తమా?" అన్నాడు. దుకాణం నుంచి ఎంత అలిసి వచ్చినా, ఒళ్లు బాగా లేకున్నా, ఒక్కనాడూ తప్పలేదు. పెద్దమ్మ అటు తిరిగి ఉంటే తిరగకుండానే నవ్వేది.

దినాలు అయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు. సారు పైకి వెళ్లారు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. పెద్దబాపు ఫొటోను ఆయన కుర్చీలోనే పెట్టారు. సాయంత్రం పెద్దమ్మ వంటింట్లోంచి దీపం వెలిగించి పట్టుకుని వచ్చింది. గడప దగ్గర ఆగింది. నూనె ఒలుకుతుందని ఆగిందేమో అనుకున్నాను. ఒక చెయ్యి దీపానికి అడ్డం పెట్టి, కుర్చీ వైపు చూస్తూ, మడమతో చెక్క మీద మెల్లగా రెండుసార్లు తట్టింది. అప్పుడు లోపలికి నడిచింది.