అరచేత్తోనా, వేలితోనా

నా డైరీలో పరుగు పేజీకి ఐదు గడులు ఉంటాయి. దూరం, పట్టిన సమయం, ముందురోజు నిద్ర, తాగిన నీళ్లు, నొప్పి. సాగర్ కుడికాలువ మీద ముప్పై ఏళ్లకు పైగా నీటిమట్టం కొలతలు రాసిన చెయ్యి నాది. ఉద్యోగం అయిపోయినా గడులు గీయడం మానలేదు. అరవై ఒకటో ఏట షుగర్ వచ్చిందని నడక మొదలుపెట్టాను. అది ఏ రోజు పరుగుగా మారిందో కూడా రాసే ఉంది. నొప్పి గడిలో పదికి మార్కులు వేసుకునేవాణ్ణి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే ఆటో పిలవాలి. ఎక్కువ రోజులు పడినవి రెండూ మూడూ.

మా బావ, అంటే మా ఆవిడ అన్న, ముప్పాళ్ళ దగ్గర పల్లెలో మిరప, పత్తి వేస్తాడు. ఆయన ఎదురుకాళ్లతో పుట్టాడు. అలా పుట్టినవాళ్లు కాలితో తాకితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. గురువారం పొద్దున ఆయన వాకిట్లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. గుమ్మం పట్టుకుని, వీపు ఆయన వైపు తిప్పి నిలబడతారు. ఆయన కుడికాలి మడమతో మూడుసార్లు తాకిస్తాడు. వాళ్లు ఒకసారి వంగి లేచి చూసుకుని, ఒక సొరకాయో రెండు బీరకాయలో అరుగు మీద పెట్టి పోతారు. నేను అదంతా నమ్మేవాణ్ణి కాదు. సొరకాయలు మాత్రం మా ఇంటికీ వచ్చేవి, తినేవాణ్ణి.

బావ పరిగెత్తడు. "పొలంలో పని లేనోళ్ల తిక్క ఇది" అంటాడు. అయినా నేను ఒక్కణ్ణే కాలువ గట్టు మీద అంత దూరం పోతుంటే చెల్లెలు భయపడుతోందని, ప్రతి ఆదివారం తెల్లవారేసరికి మోపెడ్ మీద నరసరావుపేట వచ్చేవాడు. హ్యాండిల్‌కి మజ్జిగ సీసా తగిలించుకుని, నా వెనక నత్తనడకన నడిపేవాడు. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"బావా, ఇప్పుడు మనల్ని దాటిపోయింది బర్రె. గమనించావా?"

రెండేళ్ల కిందట ఒకసారి పిక్కలు రెండూ బిగుసుకుపోయాయి. కండరం తెగిందేమోనని భయపడి పన్నెండు రోజులు మంచం దిగలేదు. పదమూడో రోజు బావ వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"ఏంది బావా, బాలింతరాలిలాగా పడుకున్నావు? చెవుల్లో దూది కూడా పెట్టుకోకపోయావా?"

లేచి నడిచి చూస్తే ఏమీ లేదు. ఎప్పుడో తగ్గిపోయింది, నేనే చూసుకోలేదు. ఇక చిన్న నొప్పులకు మర్యాద చేయకూడదని ఆ రోజు నిర్ణయించుకున్నాను. నిర్ణయం మంచిదే. ఏది చిన్నదో తెలుసుకోవాలన్న సంగతి మాత్రం మరిచాను.

కిందటేడు విజయవాడలో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు ఉందంటే పేరు ఇచ్చాను. అంత దూరం నేను ఎన్నడూ పోలేదు. ఐదు నెలలు వారానికి ఒక కిలోమీటరు చొప్పున పెంచుకుంటూ వచ్చాను. అరవై ఏడేళ్ల మనిషికి వచ్చే ఏడు చూద్దాంలే అనుకునే ధైర్యం ఉండదు. ఇప్పుడు పోతే పోయినట్టు, లేకపోతే లేదు.

ఇంకా ఐదు వారాలు ఉందనగా ఎడమకాలి ముందరి ఎముక మీద, మోకాలికీ మడమకీ సగం దారిలో, ఒకచోట పొడవడం మొదలైంది. మొదట్లో పరుగు ముగిసే వేళకి వచ్చేది. తరవాత మొదలుపెట్టగానే వచ్చేది. ఆ పైన మెట్లు దిగేటప్పుడు కూడా. డైరీలో మూడు మార్కులు వేసి, పక్కన "మామూలే" అని రాశాను. మర్నాడూ అదే.

ఇంకో మూడు వారాలకి విజయవాడ అనగా, ఒక ఆదివారం పదహారు కిలోమీటర్లకి బయలుదేరాం. పది దాటాక వెనక మోపెడ్ చప్పుడు ఆగింది.

"బావా, ఆగు."

"ఏం?"

"నీ అడుగులు జత తప్పినయ్. ఒకటి దబ్బుమంటంది, ఇంకోటి తుస్సుమంటంది. మా ఎడమెద్దు గిట్ట చీలినప్పుడు ఇట్టాగే నడిచింది."

"కంకర గట్టు, అలాగే ఉంటుంది."

"కంకర రెండు కాళ్ల కిందా ఉంది గదా."

నేను మిగతా ఆరు కిలోమీటర్లూ పూర్తి చేశాను. ఆయన ఆ ఆరు కిలోమీటర్లూ ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఇద్దరికీ కాఫీ ఇచ్చింది. తాగుతూ, ఏదో సరదాకి అన్నట్టు అన్నాను. "బావా, ఒకసారి కాలు తాకించరాదూ."

"నమ్మరుగా మీరు?" అంది మా ఆవిడ.

బావ గ్లాసు కింద పెట్టి లేచాడు. నేను గుమ్మం పట్టుకున్నాను. "ఎక్కడ, చూపించు" అన్నాడు. వంగి చూపించాను. ఆయన ఎత్తిన కాలు కింద పెట్టేశాడు.

"ఇంకోసారి చూపించు."

మళ్లీ చూపించాను. చూపుడువేలు అదే చోట ఆగింది, ఒక వేరుశనగ గింజంత చోటు.

"చొక్కా మార్చుకో బావా. ఆసుపత్రికి పోదాం."

"అదేంటి, తాకించవా?"

"నా కాడికి వచ్చేవాళ్లు రెండు రకాలు. కొందరు ఇక్కడంతా అని అరచెయ్యి పెట్టి రుద్దుకుంటా చూపిస్తారు. వాళ్లకి నేను తన్నినా తగ్గుద్ది, తన్నకపోయినా రెండ్రోజుల్లో తగ్గుద్ది. ఇదిగో ఇక్కడే అని వేలు పెట్టేవాళ్లను ముట్టుకోను. బస్సెక్కిస్తా."

"అంటే నీ కాలిలో మహిమ లేదన్నమాట."

"ఉందో లేదో నాకేం తెలుసు. ఎవర్ని తన్నకూడదో తెలుసు."

మా ఆవిడ అందుకుంది. "నాలుగు రోజుల నుంచి కుర్చీలో కూర్చుని ప్యాంటు తొడుక్కుంటన్నారన్నయ్యా. ఇదివరకు నిలబడి తొడుక్కునేవాళ్లు. అడిగితే మామూలే అన్నారు."

"మూడు వారాలే ఉంది బావా" అన్నాను. నా గొంతు బతిమాలుతున్నట్టు ఉందని నాకే తెలిసింది. "అది అయ్యాక చూపించుకుంటాను. ఐదు నెలల కష్టం."

ఆయన నా కాళ్ల వైపు చూశాడు.

"మా నాయన లేడని పెళ్లిలో నీ కాళ్లు నేను కడిగా. ఇత్తడి పళ్లెంలో పెట్టి, వేళ్ల సందుల్లో కూడా. ఆ కాళ్ల మీద నాకూ కాస్త హక్కుంది. లే."

లేచాను.

డాక్టరు కూడా అదే చోట ఒక్క వేలితో నొక్కాడు. నేను బల్ల మీద ఎగిరిపడ్డాను. ఎక్స్‌రే ఫిల్ములో ఎముక మీద వెంట్రుకంత గీత కనిపించింది. విజయవాడ మాట ఎత్తితే, పరిగెత్తితే ఆ గీత దగ్గరే విరగొచ్చన్నాడు. రెండు నెలలు పరుగు వద్దన్నాడు. ఎప్పటి నుంచి ఉందని అడిగితే గర్వంగా డైరీ తీశాను. పద్నాలుగు రోజులు వరసగా మూడు, మామూలే. మూడు, మామూలే. మొదలెప్పుడో, పెరిగిందెప్పుడో అందులో లేదు. ఉద్యోగంలో ఉండగా కాలువ దగ్గరికి వెళ్లకుండా "నిన్నటిలాగే" అని రాసినవాణ్ణి నేను నిలబెట్టి తిట్టేవాణ్ణి. కుర్చీలో కూర్చుని ప్యాంటు తొడుక్కోవడం చూసిన మా ఆవిడ అసలు ఏమీ రాయదు.

విజయవాడ పరుగు రోజు పొద్దున నాలుగింటికే మెలకువ వచ్చింది. వాకిట్లో మోపెడ్ ఆగిన చప్పుడైంది. బావ వెనక సీటు తట్టాడు. కాలువ గట్టు మీద ఇరవై ఒక్క కిలోమీటర్లు, నేను పరిగెత్తే వేగంతోనే తిప్పి తీసుకొచ్చాడు. మధ్యలో రెండుసార్లు మజ్జిగకి ఆపాడు. డైరీలో ఏ గడిలో రాయాలో తెలియక ఆ పేజీ ఖాళీగా వదిలేశాను.

పదకొండు వారాల తరవాత మూడు కిలోమీటర్లు పరిగెత్తాను. మర్నాడు పిక్కలు పట్టేశాయి. భయం వేసింది, నిజమే చెబుతున్నాను. బావ వస్తే ఆయన అడగక ముందే వంగి చూపించాను. రెండు అరచేతులూ రెండు పిక్కల మీదా పడ్డాయి.

"ఎక్కడ?"

"ఇక్కడంతా."

ఆయన ముఖం విప్పారింది. "గుమ్మం పట్టుకో."

పట్టుకున్నాను. మడమతో ఒకసారి తాకించాడు, రెండోసారి తాకించాడు. మూడోది కాస్త గట్టిగానే తగిలింది.

"ఏంది బావా అది?" అన్నాను, ఆయన మాటే నా నోట వచ్చింది.

"అది కంకర మాటకి."

వంటింట్లోంచి మా ఆవిడ "తగ్గిందా?" అని అడిగింది. రెండ్రోజుల్లో తగ్గుతుందని చెప్పాను.