నడుముకున్న తూటాకు గడువెంత

రెండువేల సంవత్సరం మొదట్లో నన్ను జురాంగ్ ఈస్ట్ డిపోలోని ఆయుధాగారానికి సార్జెంటుగా వేశారు. మాది సహాయక పోలీసు దళం. బ్యాంకులకు, నగదు మోసే వ్యాన్లకు తుపాకీతో కాపలా కాయడం మా పని. డ్యూటీ ఎక్కేవాళ్లు ఆయుధాగారం కిటికీ దగ్గర రివాల్వరు, తూటాలు తీసుకోవాలి. దిగాక అక్కడే అప్పగించాలి, మర్నాడు ఎవరివి వాళ్లకే తిరిగి ఇచ్చేవాళ్లం. వాటిని ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరికీ వీల్లేదు. ఆ కిటికీకి ఇవతల కూర్చునేదాన్ని నేను.

అదే నెలలో, నాతోపాటు ఒకే బ్యాచ్‌లో చేరిన హుయ్ లింగ్‌ను ఆర్మరర్‌గా వేశారు. తుపాకుల తనిఖీ, మరమ్మతు, ఏ తూటా ఎప్పుడు మార్చాలన్న నిర్ణయం, అన్నీ ఆర్మరర్‌వే. ఆ కుర్చీకి నేనూ దరఖాస్తు పెట్టుకున్నాను. పాత ఆర్మరర్ మణియం అంకుల్ పక్కన నిలబడి ఏళ్ల తరబడి పని నేర్చుకున్నది నేను. ఆ సాయంత్రాల్లో హుయ్ లింగ్ కంప్యూటర్ డిప్లొమా చదువుకుంది. అప్పుడు ఊరంతా ఐటీ మాటే. ట్రైన్‌లో పక్కన కూర్చున్నవాళ్లు కూడా కోర్సుల గురించే మాట్లాడుకునేవారు. మా డిపోకు కంప్యూటర్లు వచ్చాయి, వాటి వెనకే ఆమెకు కుర్చీ వచ్చింది.

నాకు కడుపు మండింది. ఆమె భుజం మీది కొత్త పట్టీ చూసినా మండేది, మా డిపో సూపరింటెండెంటుగారు ఆమెను నవ్వుతూ పలకరించినా మండేది. చైనీస్ కొత్త సంవత్సరానికి ఆమె పైనాపిల్ టార్టులు చేసి తెచ్చింది. బాగున్నాయని అందరూ చెప్పుకుంటుంటే, నేను మాత్రం కడుపు నిండుగా ఉందని డబ్బా పక్కవాళ్లకు జరిపాను. యూ టీ పేటలోని మా ఫ్లాట్‌కు వెళ్లాక వంట చేస్తూ కూడా ఆమె గురించే మాట్లాడేదాన్ని.

"ఆ అమ్మాయి పేరెత్తకుండా ఒక్క పూటైనా నాకు అన్నం పెట్టవే," అనేవాడు మా ఆయన రామ్మూర్తి. ఆయన బస్సుల వర్క్‌షాపులో మెకానిక్. మా రెండు కుటుంబాలూ తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవే.

ఇక తూటాల సంగతి. రోజూ నడుమున తిరిగే తూటా పెట్టెలో పడున్న తూటాలాంటిది కాదు. చెమట తగులుతుంది, వాన తగులుతుంది. చల్లటి వ్యాన్లోంచి ఎండలోకి దిగినప్పుడల్లా ఇత్తడి మీద సన్నటి తేమ పడుతుంది. రోజూ సిలిండర్‌లోకి ఎక్కించి దించడం వల్ల గీతలు పడతాయి. సిలిండర్ అంటే రివాల్వర్ మధ్యలో తూటాలు కూర్చునే తిరుగుడు భాగం. నడుం పటకాకు ఉండే తోలు సంచిలో అదనపు తూటాలు ఉంటాయి. తోలు తగిలి వాటికి పచ్చగా చిలుము పడుతుంది. అందుకే మణియం అంకుల్ ఆరు నెలలకోసారి అన్నీ మార్చేసేవాడు.

హుయ్ లింగ్ మొదటి సమావేశంలోనే ఆ గడువును ఏడాది చేద్దామంది. ఫ్యాక్టరీలో తూటాలను తేమ చొరకుండా బిగించి పంపుతారని, ఏడాదికోసారి జరిగే కాల్పుల పరీక్షలో ఎవరు మోసిన తూటాలు వాళ్లే పేల్చి కొత్తవి తీసుకుంటే సరిపోతుందని చెప్పింది. అప్పుడు పాతవి పారేసే పని ఉండదు, నడుమున మోసింది పేలుతుందో లేదో కూడా తెలుస్తుంది. ఈ ఊరి తేమకు ఏడాది ఎక్కువని నేను అడ్డం చెప్పాను. సూపరింటెండెంటుగారు ఇద్దరి మాటా విని ఏడాదే ఖాయం చేశారు. బయటికొచ్చాక హుయ్ లింగ్ నా భుజం మీద చెయ్యి వేసి, నా అభ్యంతరం కూడా రాసి ఉంచానని మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదను నేను చాలాకాలం మరిచిపోలేకపోయాను.

మరుసటి ఏడాది కాల్పుల పరీక్ష వచ్చింది. రేంజ్‌లో, అంటే కాల్పులు జరిగే చోట, భద్రత చూసే పని నాకు పడింది. వరసలో జుల్ అనే కానిస్టేబుల్ ఉన్నాడు. రోజూ సరిహద్దు అవతలి జొహోర్ నుంచి వుడ్‌ల్యాండ్స్ మీదుగా మోటార్‌సైకిల్ మీద వచ్చే కుర్రాడు, నగదు వ్యాన్ల డ్యూటీ. అతను ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అని మాత్రమే వినిపించింది. పేలని తూటా ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. అందుకని తుపాకీని గురి వైపే ఉంచి కాసేపు ఆగాలి. ఆగాడు. ఏమీ కాలేదు. తర్వాతి తూటా పేలింది, దాని తర్వాతిది మళ్లీ టిక్‌మంది.

బ్యాంకు ముందు ఎవరైనా కత్తి తీసిన రోజు అలా జరిగి ఉంటే అన్నదే అందరి మనసులోనూ ఉంది. నా మనసులో ఇంకోటి కూడా ఉంది. ఆమె పెట్టిన ఏడాది గడువు తప్పని తేలిపోయింది.

ఆ రెండు తూటాలనూ నేనే తీసి చూశాను. తూటా అడుగున ప్రైమర్ అనే చిన్న బొట్టు ఉంటుంది, దాన్ని కొడితేనే మందు అంటుకుంటుంది. రెండింటి మీదా దెబ్బ లోతుగా పడింది. అంటే తుపాకీలో లోపం లేదు. కానీ ప్రైమర్ చుట్టూ నూనె మెరుస్తోంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే స్ప్రే నూనె వాసన. పైగా అదే పెట్టెలోంచి అదే రోజు తూటాలు తీసుకున్న మిగతావాళ్లవన్నీ శుభ్రంగా పేలాయి.

తప్పు గడువుది కాదు, నూనెదని నాకు అక్కడే అర్థమైంది. వాటిని కవర్లో పెట్టి అప్పగించాను గానీ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నడవలో హుయ్ లింగ్ ఎదురైంది. ముఖం పాలిపోయి ఉంది. "నువ్వన్నట్టు ఆరు నెలలే ఉంచాల్సింది, సరో," అంది, బ్యాచ్‌లో అందరూ నన్ను పిలిచే పేరుతో. నాకు హాయిగా అనిపించింది. సాయంత్రం ఇంట్లో మా ఆయనకు మొత్తం చెప్పాను.

"అయితే రేపు ఆవిడ కుర్చీ నీదేనా?" అన్నాడు.

"తప్పు గడువుదేనా అని సూపరింటెండెంటుగారు అడిగితే అవునంటే చాలు."

"మరి ఆ కుర్రాడు రేపు మళ్లీ తుపాకీకి నూనె కొట్టుకుని డ్యూటీకెళ్తాడు గదా," అన్నాడు.

మర్నాడు సూపరింటెండెంటుగారు నన్నూ హుయ్ లింగ్‌నూ పిలిచారు. నా వైపే తిరిగి, ఆ రోజు సమావేశంలో నేను భయపడింది ఇదేనా అని అడిగారు. హుయ్ లింగ్ నేల చూస్తోంది. ఇది కాదని చెప్పాను. నూనె సంగతి, మిగతా తూటాల సంగతి వివరించి, జుల్‌ను పిలిపించి రోజూ తుపాకీ ఎలా శుభ్రం చేస్తాడో చేయించి చూడమన్నాను.

జుల్ చేసి చూపించాడు. సిలిండర్ గదుల్లోకి స్ప్రే ధారాళంగా కొట్టాడు, గుడ్డతో పైపైన తుడిచాడు, కారుతున్న గదుల్లోకే తూటాలు ఎక్కించాడు.

"వానలో తిరుగుతాం కదా కక్, తుప్పు పట్టకూడదని," అన్నాడు నాతో. మలయ్‌లో అక్కను కక్ అంటారు. ఆ నూనే రోజూ కొంచెం కొంచెంగా ప్రైమర్లలోకి దిగి మందును పాడు చేసింది.

జుల్‌కు హెచ్చరిక ఇచ్చి సరిపెట్టారు. శుభ్రం చేసే పద్ధతి అందరికీ మళ్లీ నేర్పారు. ఏడాది గడువు అలాగే ఉండిపోయింది. తోలు సంచిలోవి మాత్రం ఆరు నెలలకే మార్చాలని, తడిసినా, నూనె తగిలినా, కింద పడినా, చిలుము కనిపించినా గడువుతో పని లేకుండా ఆ రోజే మార్చాలని నేనన్నాను. హుయ్ లింగ్ దాన్ని ఉత్తర్వుగా రాసింది. ఉత్తర్వు కింద ఆమె సంతకం ఉంది కాబట్టి కవాతులో మెప్పు ఆమెకే దక్కింది. ఆ తర్వాత ఆమె ఇన్‌స్పెక్టరై ప్రధాన కార్యాలయానికి వెళ్లింది. ఖాళీ అయిన కుర్చీ నాకిచ్చారు. అది ఆమె సిఫార్సు వల్లేనని తెలిసినప్పుడు సంతోషం కన్నా మంటే ఎక్కువ కలిగింది.

రిటైరయ్యేదాకా నేను ఆ ఉత్తర్వునే పాటించాను. తూటాను ఎప్పుడు మార్చాలని ఎవరడిగినా, ఏడాది దాటనివ్వకండి, కానీ ఏడాదిని నమ్ముకుని చూడకుండా ఉండకండి అని చెప్పేదాన్ని. అసూయ విషయానికొస్తే, అది తగ్గుతుందని చాలాకాలం ఎదురుచూశాను, తగ్గలేదు. అది ఉండగానే నిజం చెప్పవచ్చునని, పని సరిగ్గా చేయవచ్చునని మాత్రం ఆ డిపోలో తెలుసుకున్నాను.