గుండు చూసి ఇచ్చిన తాళాలు

ఇంటర్నెట్ అనేది ఇంట్లో కాకుండా వీధి చివర, ప్లైవుడ్డు అరల మధ్య, గంటల లెక్కన దొరికే రోజులవి. ఆ అరలో కూర్చుని మౌస్ పట్టుకుంటే లోకమంతా నా మాట వింటుందని నమ్మిన వయసు నాది. మెకానికల్ ఇంజనీరింగు పూర్తిచేసి, నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేరాను. వస్తువు కొలతకు సరిపోయిందో లేదో చూసి టిక్కు పెట్టడం నా ఉద్యోగం. ఆ టిక్కుల జబ్బు నాతోపాటు ఇంటికీ వచ్చింది. (ఊరికెళ్లేటప్పుడు బ్యాగులో సర్దుకోవలసిన వాటికి జాబితా రాసి, ఆ జాబితాను మరిచిపోకూడదని కూడా అందులోనే రాసేవాణ్ణి.) అలాంటి నన్ను తిరుపతిలో, పట్టపగలు, ఒక మనిషి నడిరోడ్డు మీద నిలబెట్టి మా నాయన కారు తీసుకుపోయాడు. ఎన్నేళ్లయినా ఈ వాక్యం రాస్తుంటే పళ్లు పటపటలాడుతున్నాయి. నవ్వాలనుకునేవాళ్లు నవ్వండి. నేను కాసేపాగి మీతో కలుస్తాను.

అది చిన్న తెల్ల కారు. మోకాళ్ల నొప్పితో క్లచ్ తొక్కలేక నాయన దాన్ని అమ్మేద్దామన్నాడు. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వెంటనే ఊడిపడ్డాడు. ఎద్దుల దగ్గర్నుంచి ఇళ్లదాకా ఏ బేరమైనా తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని తేల్చే మనిషి. "బావా, చంద్రగిరిలో మనోడొకడుండాడు. వాడికి ఇప్పించేస్తా" అన్నాడు. తెలిసినవాడికిస్తే సగం ధరే వస్తుందనీ, ఇంటర్నెట్లో పెడితే నాలుగు జిల్లాలవాళ్లు చూస్తారనీ నేను వాదించాను. "మొగమే కనపడనోడికి బండిస్తావా అల్లుడా? సదువెక్కువైంది నీకు" అని మామ వెక్కిరించాడు. అప్పుడు నాయన పేపరు మడిచి, "సదువుకున్నోడు గదా, వాడే సూసుకుంటాడులే" అన్నాడు. నాయన నా గురించి ఇంకొకరి ముందు అన్న మొదటి మంచి మాట అది. కారు ఎంతకు పోయినా పోనీ, ఆ మాట మాత్రం పోకూడదనుకున్నాను.

పాత కార్ల అమ్మకాల సైటులోనే జాగ్రత్తలు కూడా రాసి ఉన్నాయి. పదిమంది తిరిగే చోట కలవండి, గుర్తింపు కార్డు చూడండి, జెరాక్సు తీసుకోండి, బండి నడిపి చూస్తామంటే పక్కన కూర్చోండి. వాటిని ప్రింటు తీసి, నా తెలివి కూడా కొంత కలిపి, అట్టకు అంటించాను. మా ఇంటి ముందు వీధిలో కారును ఫోటోలు తీశాను. (ఒక ఫోటోలో మూలన అమ్మ ఎండబెట్టిన వడియాలు, అమ్మ కాలు పడ్డాయి. కారు స్పష్టంగా ఉంది కదా అని దాన్నే పెట్టాను.)

ఫోను చేసినవాళ్లలో మర్యాదగా మాట్లాడినవాడు ఒక్కడే. బస్టాండు దగ్గర కలుద్దామన్నాను. వచ్చాడు. నున్నటి గుండు, దాని మీద ఇంకా తడారని గంధం, నుదుట నామం, చేతిలో లడ్డూల కవరు. లైసెన్సు అడిగాను. తీసిచ్చాడు. అందులో ఒత్తయిన జుట్టు, ఇంత మీసం ఉన్న మనిషి ఉన్నాడు. నేను కార్డు వైపు, గుండు వైపు మార్చి మార్చి చూశాను.

"మొక్కు సార్. మీసం కూడా స్వామికే ఇచ్చేసినా" అన్నాడు చేతులు జోడించి.

నా బుద్ధికి అక్కడ తెగులు పట్టింది. ఇంకే ఊళ్లోనైనా అనుమానం వచ్చేది. తిరుపతిలో పుట్టి పెరిగినవాడు గుండును అనుమానిస్తాడా? ఇంట్లో ప్రతివాడి కార్డులోనూ ఒక మనిషి, ఎదురుగా ఒక మనిషి ఉండే ఊరది. లైసెన్సు నంబరు, ముద్ర, గడువు అన్నీ సరిచూసి, జెరాక్సు తీయించి టిక్కు పెట్టుకున్నాను. ఆ మొహం ఎవరిదో మాత్రం చూడలేదు.

అలిపిరి దాకా నడిపి చూస్తానన్నాడు. నేను నియమం ప్రకారం పక్కన కూర్చున్నాను. బండి బాగా నడిపాడు, మా నాయన కంటే జాగ్రత్తగా. అలిపిరి చేరాక పక్కకు ఆపి, "బండి నచ్చింది సార్. స్వామి పాదాల కాడ టెంకాయ కొట్టి అడ్వాన్సు ఇస్తా. బండి అమ్మేటోళ్లే టెంకాయ కొనాల గదా, ఆనవాయితీ" అన్నాడు. అలాంటి ఆనవాయితీ నేనెప్పుడూ వినలేదు. కానీ మా ఊళ్లో ప్రతిదానికీ ఒక ఆనవాయితీ ఉంటుంది, లేదంటే మనకే తెలియదనుకుంటారు. "ఇంజను ఆపద్దు సార్, శుభమా అని బేరం కుదిరినాక ఆపకూడదు" అని కూడా అన్నాడు. నేను దిగి, పీచు తీసిన మంచి కాయ ఏరి, లోపల నీళ్లున్నాయో లేదో చెవి దగ్గర ఆడించి మరీ చూశాను. కాయను తనిఖీ చేశానండీ! తిరిగి చూస్తే కారు లేదు.

పోలీసు స్టేషనులో రాసుకునే కానిస్టేబులు ఓపికగా అడిగాడు. "మనిషి ఎట్లా ఉండాడు?"

"గుండు."

"ఇంకా?"

"గంధం పూసుకున్నాడు. నామం పెట్టుకున్నాడు."

ఆయన కలం కింద పెట్టి లోపలికి కేక వేశాడు. "అన్నా, గుండంట! గంధం పూసుకోనుండాడంట! పట్టుకుందామా?" లోపలి నుంచి నవ్వు వినిపించింది. "అప్పా, బయటికి పొయ్యి నిలబడు. లెక్కలేనంత మంది పోతాంటారు. నీకు నచ్చినోడ్ని సూపించు, తీసుకొస్తాం" అన్నాడు నాతో. నా చేతిలో కొబ్బరికాయ ఇంకా అలాగే ఉంది. దాన్ని ఆ బల్ల మీద పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది.

ఇంట్లో మామ తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాయన ఒక్క మాటా అనలేదు. అన్నం తిన్నాడు, పేపరు చదివాడు, పడుకున్నాడు. ఆ మౌనం కంటే రెండు దెబ్బలు నయం. రోజూ డ్యూటీ దిగగానే బస్టాండుకు వెళ్లి కొండ దిగివచ్చే గుండ్ల వైపు కొరకొరా చూస్తూ నిలబడేవాణ్ణి. భక్తులు నన్ను చూసి పిల్లల్ని దగ్గరకు లాక్కునేవారు.

పక్షం రోజులు దాటాక ఇంటర్నెట్ సెంటరులో అదే సైటు తెరిస్తే నా ఫోటోయే కనిపించింది. నంబరు ప్లేటు చెరిపేశాడు గానీ వడియాలను, అమ్మ కాలును అలాగే ఉంచాడు. ఊరు చిత్తూరు. కింద "ఇంజనీరు వాడిన బండి" అని రాశాడు. (దొంగతనం సంగతి అటుంచండి, ఆ ఒక్క మాట నాకు తట్టనందుకు ఇంకా మండింది.) నా గొంతు గుర్తుపడతాడని మామ చేత ఫోను చేయించాం. "ఏమప్పా, బండి బాగుండాదా? ఇంజనీరు వాడినాడా? ఆ ఇంజనీరు మంచోడేనా?" అని నా వైపు చూస్తూ బేరమాడాడు. మర్నాడు చిత్తూరులో బెల్లం మండీ దారిలో కలుద్దామని కుదిరింది. నాయన, నేను, మామూలు బట్టల్లో అదే కానిస్టేబులు వెళ్లాం. "నేను చెయ్యెత్తేదాకా ఎవురూ కదలొద్దు" అన్నాడాయన.

కారు రోడ్డు పక్కన ఉంది. బానెట్ ఎత్తి ఉంది. లోపలికి వంగి ఒక నున్నటి గుండు, దాని మీద గంధం. ఇంక చెయ్యెత్తేదాకా ఎవరాగుతారు? టీ అంగడి దగ్గర జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాను. టోపీ పెట్టుకున్న మనిషొకడు పాపం పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాడు. వెళ్లి వెనకనుంచి చొక్కా పట్టి లాగాను.

"దొరికినావురా దొంగనాయాలా!"

"ఎవుర్రా నువ్వు? నేను బండి కొనేదానికి వచ్చినా!" ఆ మొహం నేనెప్పుడూ చూడనిది.

"నిన్ననే కొండ దిగొచ్చినాం. మా ఆయన్ని దొంగంటావా? నీ చెయ్యిరగ!" అని ఆయన భార్య చేతిసంచీతో నా వీపు వాయించింది. కానిస్టేబులు వచ్చి పట్టుకున్నది నన్నే. ఆ పెద్దమనిషి దగ్గుతూ, "పదిమందిలో కలుసుకోమని కంప్యూటర్లో రాసుంటే ఈడకు రమ్మంటిని. ఈ పదిమందీ ఇట్లాంటోళ్లా?" అన్నాడు. అమ్మేవాడెక్కడ అని అడిగితే టీ అంగడి వైపు వేలు చూపించాడు. అక్కడ సగం తాగిన టీ గ్లాసు ఒక్కటే ఉంది. పక్షం రోజుల జుట్టు మీద టోపీ పెట్టుకుని నాకు దారిచ్చినవాడు వాడే. తాళాలు మాత్రం కారుకే ఉన్నాయి.

స్టేషను కాగితాలు, కోర్టు కాగితాలు అయ్యి బండి చేతికొచ్చిన రోజు నేను నడుపుతుంటే నాయన పక్కన కూర్చున్నాడు. చిత్తూరు దాటగానే మొదలుపెట్టాను. దొంగను తిట్టాను, కానిస్టేబులును తిట్టాను, సంచీతో కొట్టినావిడను తిట్టాను, అట్టకంటించిన నియమాలను వరుసగా ఒక్కొక్కటీ తిట్టాను.

"అయిందా?" అన్నాడు నాయన.

"లేదు."

"కానియ్యి."

పాకాల దారి దాటేదాకా కానిచ్చాను. అప్పుడాయన, "మీ మామ రేపొస్తానన్నాడు, బండి సంగతి మాట్లాడేదానికి" అన్నాడు.

"ఇచ్చేయ్ నాయనా. నేనింక అమ్మను."

"నువ్వే అమ్ముతావని వాడికి చెప్పేసినా."

కారు పక్కకు ఆపేశాను. "ఇంత జరిగినాక కూడానా? తిట్టొచ్చు గదా! ఒక్క మాటన్నా అనొచ్చు గదా!" అని అరిచాను. ఆ రోజు అందరికంటే ఎక్కువ కోపం ఆయన మీదే వచ్చింది.

"జరిగింది గాబట్టే" అన్నాడు నాయన, కిటికీ అద్దం దించుకుంటూ. "ఇప్పుడు నీకు తెలిసినంత మీ మామకు తెల్దు. ఇంక బండి పోనియ్యి, ఎండగా ఉండాది."

ఆ రోడ్డు ఇప్పుడు వెడల్పయింది. ఆ చోటు దాటేటప్పుడల్లా నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఒక కుర్రవాడు తెల్ల కారు ఆపుకుని, తనను నమ్మినందుకు తండ్రి మీద గొంతు చించుకుంటూ కనిపిస్తాడు. ఆపమని చెప్పబుద్ధి కాదు. కాసేపు అరవనిచ్చి ముందుకు పోతాను.