ఎడారిలో పసుపు గుండు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మా ఆవిడ మీద ఒట్టు. ఆవిడ మీద ఒట్టేసి అబద్ధమాడే ధైర్యం నాకు లేదు. కరోనా రోజుల్లో, జర్మనీలో, ఎడారి నడుమ, బాంబు ఎదుట నిలబడి నేను చావు కోసం ఎదురుచూసిన వైనం చెబుతాను.

జర్మనీలో ఎడారేమిటని నవ్వకండి. బ్రాండెన్‌బర్గ్ అడవుల మధ్య పాత సైనిక మైదానం ఒకటుంది. ట్యాంకులు తొక్కీ తొక్కీ అక్కడ ఇసుకే మిగిలింది. లాక్‌డౌన్‌లో ఇంటి గోడలతో మాట్లాడే దశకు చేరుకున్న నేను, అప్పుడే కొన్న సెకండ్ హ్యాండ్ కారులో మాగ్డెబర్గ్ నుంచి అక్కడికి బయలుదేరాను. వెంట మా కింది వాటాలో ఉండే మాస్టర్స్ విద్యార్థి వెంకట్. గడప దాటుతుంటే మా ఆవిడ ఏదో చెప్పింది. ఫోన్‌లో దారి చూసుకుంటూ "ఊఁ" అన్నాను. ఈ "ఊఁ"ని కాస్త గుర్తుంచుకోండి.

కారు దిగి, సంచీ భుజాన వేసుకుని, సగం చెరిపేసిన పలక మీద గీతలా ఉన్న మట్టిబాట పట్టాం. మొదట్లోనే ఎర్ర బోర్డు.

"అన్నా, ప్రాణాపాయం అని రాసిండ్రు. భూమిల పాత బాంబులున్నయంట. బాట దిగొద్దంట."

"దిగితే కదా! ఇది ఎటు పోతుందో చూసి వచ్చేద్దాం."

"బాట కనవడితే గదా, దిగకుండ ఉండనీకి?"

కుర్రాడికి అనుభవం చాలదని జాలిపడి నడిచాను. కాసేపటికి గాలి లేచింది. ఉన్న గీత కూడా మాయమైంది. వెంటనే వెనుదిరిగాం. మా అడుగుజాడలు అప్పటికే సగం పూడిపోయాయి.

"అన్నా, ఆగు! కాలు కదపకు!"

ఎదురుగా, ఇసుకలోంచి గుండ్రంగా ఏదో పైకి తేలి ఉంది. పచ్చటి పసుపు రంగు. నడినెత్తిన ఎర్రటి చుక్క.

"వచ్చేటప్పుడు లేదురా ఇది!"

"గాలికి ఇసుక కొట్టుకపోయి బయటవడ్డది. ఆ చుక్కనే మీటేమో."

"పక్కనుంచి పోదామా?"

"పక్కల ఇంకోటుంటే?"

వెంకట్ కరోనా దూరం మరిచి, నా వెనక దూరి, కోటు పట్టుకుని వణికిపోయాడు. నేనే ధైర్యం చెప్పి పోలీసులకు ఫోన్ చేయించాను. "కదలకండి, వస్తున్నాం" అన్నారు. కదిలే ఓపిక ఎవరికుంది? ఊపిరి కూడా వాయిదాల్లో పీల్చుకుంటున్నాం.

అంతలో నా జేబులో ఫోన్ మోగింది. పేలింది బాంబే అనుకుని ఇద్దరం ఒకేసారి కేక పెట్టాం. మా ఆవిడ!

"ఏవండీ, కొట్టారా?"

"ఏం కొట్టాలే? ఇక్కడ ప్రాణాలు పోతుంటే!"

"కొబ్బరికాయండీ! కొత్త కారాయె, గుళ్లేమో మూసేశారు, దిగగానే కారు ముందు కొట్టమన్నానా? ఊఁ అన్నారుగా! పసుపు రాసి, బొట్టు పెట్టి, మీ సంచీ పక్క జేబులో పెట్టాను."

సంచీ తడిమాను. పక్క జేబు నోరు తెరుచుకుని ఉంది.

పోలీసులు రానే వచ్చారు. వెంకట్ తనకొచ్చిన జర్మన్ అంతా ఖర్చుపెట్టి సంగతి చెప్పాడు. వాళ్లలో పెద్దాయన దాన్ని ఇసుకలోంచి మెల్లగా పైకి లాగాడు. కొబ్బరికాయ పిలక ఊడిపడింది.

"ఇది కారు కోసమా?"

"అవును."

"కారు తింటుందా?"

"లేదు సార్, మేమే తింటాం."

ఆయన మమ్మల్నీ కాయనూ చాలాసేపు చూసి, "ఇక్కడ మాత్రం పగలగొట్టకండి" అని, ముందు నడిచి కారు దాకా దిగబెట్టాడు.

మా ఆవిడ మాట పూర్తయ్యేదాకా జన్మలో "ఊఁ" అననని ఆ ఇసుక సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను.

ఒట్టేశాను కనుక ఒక్క ముక్క మాత్రం కల్పితమని ఒప్పుకోక తప్పదు. వెనక దూరి కోటు పట్టుకున్నది వెంకట్ కాదు. అతని కోటు గుండీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.