మామ సైకిల్ కిర్రు

ఆ రోజుల్లో నాకు భయపడటానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. ఖతార్‌కు కొత్తగా వచ్చినవాణ్ణి (మా ఊళ్ళో ఇప్పటికీ నేను దుబాయ్‌లో ఉన్నాననే అంటారు, సరిదిద్దడం మానేశాను). బస్సు తప్పిపోతుందేమోనని భయం, సూపర్‌వైజర్ పిలిస్తే భయం, పిలవకపోతే ఇంకా భయం. అల్ వుకైర్ చివర మా క్యాంపు. మా గదిలో పెద్దవాడు మామ. సొంత మామేం కాదు, జగిత్యాల వైపువాడు కాబట్టి అందరికీ మామ అయ్యాడు. మాకు కంపెనీ బస్సుండేది. ఆయన మాత్రం విల్లాల కాంపౌండులో తోటపనికి తెల్లవారగానే సైకిల్ మీద వెళ్ళేవాడు. సెలవు మీద ఊరికి పోయేవాళ్ళు సైకిల్‌ను గదిలో ఎవరికో అప్పజెప్పి పోవడం క్యాంపులో ఆనవాయితీ. మామ కూడా సెలవుకు పోతూ తాళంచెవి నా చేతిలో పెట్టి, "నువ్వు పిరికోడివిరా, దాన్ని ముట్టవు. అందుకే నీకిస్తున్న" అన్నాడు. అది పొగడ్తో తిట్టో తెలియలేదు గానీ, అంత బాధ్యత అంతకుముందు నాకెవరూ ఇవ్వలేదు.

నిజంగానే ముట్టలేదు. ముట్టింది గదెంత. అది వాడి అసలు పేరు కాదు. ఏ పని చెప్పినా "గదెంత పని" అంటాడని మేం పెట్టుకున్న పేరు. మా పక్కూరివాడే, నా దోస్తు, స్టీల్ ఫిక్సర్. సైట్‌లో ఇనుప కడ్డీలను బైండింగ్ వైరుతో కట్టడం వాడి డ్యూటీ. లోకంలో ఏది పాడైనా ఆ వైరుతో బాగుపడుతుందని వాడి నమ్మకం. గదిలో ఫ్యాను, నా చెప్పు, ఒకసారి మెస్‌లో వంటాయన కళ్ళజోడు కూడా కట్టేశాడు (ఆయన అడగలేదు).

మామ తిరిగొచ్చే శుక్రవారం మధ్యాహ్నం సైకిల్‌ను బయటికి తీసి దుమ్ము తుడుస్తున్నాను. చైను తుడవడానికి పెడల్ తిప్పితే ఎప్పట్లాగే కిర్రుమంది. చాయ్ తాగుతూ వచ్చిన గదెంత, ఈ చప్పుడుతో మామ ఇన్నేళ్ళు ఎట్లా తొక్కుతున్నాడో అని తెగ జాలిపడ్డాడు. ఆయన వచ్చేలోపు తీసేస్తానన్నాడు. వద్దన్నాను. నేను వద్దంటే ఎదుటివాళ్ళకు సరేనన్నట్టు వినిపిస్తుంది, అది నా ఖర్మ. వాడు పానా తెచ్చి పెడళ్ళు తిరిగే ఇరుసు విప్పాడు. విప్పీ విప్పగానే లోపలున్న బేరింగు గోళీలు జలజలా ఇసుకలోకి రాలాయి. అప్పుడే నా ఫోన్ మోగింది. మామ. విమానం దిగాడట.

ఇద్దరం మోకాళ్ళ మీద కూలబడ్డాం. మెస్ నుంచి పిండి జల్లెడ తెచ్చి ఇసుక జల్లించాం. రేపు తెల్లారి మామకు డ్యూటీ, సైకిల్ లేకపోతే ఆ ఎండలో అంత దూరం నడవాలి, నన్ను నమ్మి ఇచ్చిపోయాడు. ఈ మూడు మాటలే నా తలలో తిరుగుతున్నాయి. మళ్ళీ ఫోన్. సామాను వచ్చిందట, సకినాలు కూడా తెచ్చాడట, గదిలో ఎవరూ అన్నం తినేయొద్దన్నాడు. ఆ ప్రేమకు నేను జల్లెడ ఇంకా గట్టిగా ఊపాను. ఎంత జల్లించినా రెండు గోళీలు దొరకలేదు. "రెండు తక్కువైతే ఏమైతదిరా? సైట్ల ఇద్దరు డ్యూటీకి రాకుంటే పని ఆగుతదా?" అన్నాడు గదెంత. గ్రీజు లేదు, ఎవరిదో కొబ్బరినూనె సీసా ఒంపేశాడు. బోల్టులు బిగించాక ఒక రేకు మిగిలింది, అది ఎక్కడిదో వాడికీ తెలియదు. దాన్ని బైండింగ్ వైరుతో ఫ్రేముకు కట్టి, "ఖల్లాస్" అని చేతులు దులుపుకున్నాడు. మామ కారెక్కానని మూడోసారి ఫోన్ చేశాడు.

పొద్దుగుంకే వేళకు మామ దిగాడు. సంచులు కింద పెట్టకముందే సైకిల్ దగ్గరికి వెళ్ళాడు. తళతళలాడుతున్న దాన్ని చూసి నా భుజం తట్టి, ఎక్కి క్యాంపు గేటు దాకా ఒక చుట్టు తిరిగాడు. పెడల్ ఊడి చేతికొస్తుందేమోనని నేను ఊపిరి బిగబట్టాను. ఏదీ ఊడలేదు. చప్పుడు కూడా లేదు. మామ మెల్లగా దిగాడు.

"కిర్రు ఏమైందిరా?"

"తీసేసిన మామా," అన్నాడు గదెంత, ఛాతీ విరుచుకుని.

మామ సీటు మీద చెయ్యి వేశాడు. "పొద్దుగాల తొక్కుకుంట పోతుంటె ఇంటికి ఫోన్ కలిపి జేబుల పెడ్త. నా బిడ్డ బడి ఆటో వచ్చేదాక ఆ చప్పుడు ఇనుకుంట కూసుంటది. మాట్లాడది. ఇంటది, గంతే."

గదెంత నోట "గదెంత పని" అన్న మాట రాకపోవడం నేను చూసింది ఆ ఒక్కరోజే. సకినాల మూట ఆ రాత్రి ఎవరూ విప్పలేదు. మర్నాడు తెల్లవారుజామున మామ ఫోన్ కలిపి సైకిలెక్కితే, వాడు లుంగీ ఎగ్గట్టి పక్కనే పరుగెత్తుతూ నోటితో కిర్రు కిర్రుమన్నాడు. వెనక నేను. గేటు దాటేలోపే జేబులోంచి పిల్ల గొంతు వినిపించింది: "నాయినా, ఇది మన సైకిల్ కాదు." మామ నవ్వు ఆపుకోలేక కాలు కింద ఆనించాడు.

కొన్నాళ్ళకు ఇసుక చేరి కొబ్బరినూనె ఎండిపోయి కిర్రు దానంతటదే తిరిగొచ్చింది. అదీ తన రిపేరు గొప్పతనమేనని గదెంత ఇప్పటికీ అంటాడు. ఇప్పుడు వాడు వెస్ట్ బేలో ఒక టవర్‌లో లిఫ్టులు చూసుకుంటున్నాడు. అక్కడ పనిపడితే నేను మెట్లెక్కి పోతాను.

మామ సెలవు మీద కాదు, మొత్తానికే ఊరికి పోతూ తాళంచెవి మళ్ళీ నాకే ఇచ్చాడు. ఆ తోటపని ఇప్పుడు నాది, ఆ రేకూ వైరు ముడీ కూడా నావే. మొన్న గదిలోకి కొత్తగా వచ్చినతను, ఈ చప్పుడేంటన్నా, నూనె వేస్తానని సీసా పట్టుకుని వచ్చాడు. వద్దన్నాను. ఈసారి వద్దన్నట్టే వినిపించినట్టుంది, సీసా అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. తెల్లవారి ఇంటికి ఫోన్ కలిపి జేబులో వేసుకుని బయల్దేరాను. అవతల నా కూతురు ఇంకా జడ వేయించుకుంటోంది. ఆటో వచ్చేదాకా దారి అయిపోకూడదని, నెమ్మదిగా తొక్కాను.