కొంగున కట్టిన తాళం

భూపాలపల్లి దారిలో తారు పని జరిగినన్నాళ్లూ ఆమె నా బండి తాళం చాలాసార్లు తీసుకుంది. గార్ల వైపు తండా నుంచి వచ్చిన కూలీ. రోడ్డుకు అడ్డంగా పెట్టిన ఖాళీ డ్రమ్ముల పక్కన ఎర్రజెండాతో, మెడలో విజిల్‌తో నిలబడేది. ఆగిన వరసలో అందరికన్నా ముందున్న బండి తాళం అడిగి తీసుకుని కొంగున ముడేసుకునేది. అలా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదట.

"ముందటి బండి కదలకుంటే ఎనకటియి కదలయన్నా," అనేది.

ఆగిన బండ్లను వదిలే ముందు జెండా కర్రతో చూపిస్తూ పనివాళ్లను లెక్కపెట్టేది. అందరూ పక్కకు వచ్చాకే ముడి విప్పేది. ఆఫీసుకు ఆలస్యమవుతోందని విసుక్కుంటే, వినపడనట్టు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేది.

ఒకరోజు వెనక నుంచి బొగ్గు లారీ ఒకటి వరస తప్పించుకుని దూసుకొచ్చింది. ఆమె విజిల్ ఊదుతూనే పొలంలోకి దూకింది. ఆ విజిల్‌కే పనివాళ్లు పక్కకు పరుగెత్తారు. లారీ డ్రమ్ములను గుద్ది, రోడ్డు దిగి ఆగింది.

మోచేయి చీరుకుపోయి, ఒళ్లంతా మట్టితో పైకి వచ్చిన ఆమె ముందు జెండా కర్ర వెతుక్కుంది. పనివాళ్లను లెక్కపెట్టింది.

"అందరున్నరు. పో అన్నా," అని తాళం ఇచ్చింది.

"నిన్ను నువ్వు లెక్కపెట్టుకున్నవా అక్కా?" అన్నాను.

అర్థం కానట్టు చూసింది. "డ్రమ్ములను ఎవలన్న లెక్కవెడ్తరా?" అంది. నవ్వలేదు. పడిపోయిన డ్రమ్మును లేపి, మళ్లీ దాని పక్కనే నిలబడింది.

తాళం నా చేతిలోనే ఉంది. బండి తీయాలో, దిగి, వచ్చే బండ్లు ఆమెకు తగలకుండా అడ్డంగా నిలబడాలో నాకు తెలియలేదు.