ముప్ఫై అడుగుల వెనక పీట

కాలిన వైరు వాసన తగిలితే ఇప్పటికీ నా తల దానంతటదే వంగిపోతుంది. నిన్న ఉదయం మా తనిఖీ కేంద్రానికి వచ్చిన ఒక పాత లారీ వెనక, లైటు హోల్డరు దగ్గర ప్లాస్టిక్ తొడుగు కరిగి ఆ వాసన వచ్చింది. బయట మంచు ఇంకా విడవలేదు. చేతిలోని ఫారంలో ‘వెనక దీపాలు’ అన్న గడి దగ్గర నా పెన్ను ఆగిపోయింది. కలకత్తా రోడ్ల మీద తిరిగే బండ్లకు లైట్లు చట్టం చెప్పినట్టు ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఈ ఉద్యోగం నాకెలా దక్కిందో పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడ ఇప్పుడు లేదు.

ఆవిడ పేరు నూకాలమ్మ. వాట్‌గంజ్‌లో మా సందు మొదట్లో ఆవిడకి లారీలకు కరెంటు పని చేసే కొట్టుండేది. మా నాన్నా, ఆవిడ భర్తా శ్రీకాకుళం జిల్లాలో ఒకే ఊరి నుంచి ఇక్కడి ఓడరేవులో డాకు పనికి వచ్చినవాళ్ళు. అంతకు మించి చుట్టరికం లేకపోయినా నాకు ఆవిడ పిన్ని. భర్త డాకు పని మానేసి ఈ పని నేర్చుకున్నాడు. ఆయన చేస్తుంటే చూసి ఆవిడ నేర్చుకుంది. ఆయన పోయాక అందరూ కొట్టు అమ్మేయమంటే, అమ్మకుండా స్క్రూడ్రైవరు తనే పట్టింది. బెంగాలీ, బిహారీ డ్రైవర్లందరికీ ఆవిడ ‘లైట్ మాషి’. మాషి అన్నా పిన్నే. కొంగు నడుముకి బిగించి ట్రైలరు కిందికి దూరిందంటే బయటికి ఆవిడ ప్లాస్టిక్ చెప్పులు మాత్రమే కనిపించేవి.

డిప్లొమా చేతికొచ్చి ఉద్యోగం రాని రోజుల్లో ఆవిడ దగ్గర పనిలో చేరాను. ఏ దీపం ఏ రంగులో వెలగాలో, నేలకి ఎంత ఎత్తున ఉండాలో, రిఫ్లెక్టర్లు ఎక్కడెక్కడ అతికించాలో పుస్తకం చూడకుండా చెప్పగలిగేవాణ్ణి. చెప్పి మురిసిపోయేవాణ్ణి కూడా. పిన్నికి చదువు రాదు. నా ఉపన్యాసం అయ్యేదాకా ఓపిగ్గా విని, “ముందల తెలుపు, ఎనకాల ఎరుపు, పక్కన పసుపు, నంబరు మీద ఓ దీపం. అంతేరా రమణా. మిగతాది పీట సూసుకుంటాది,” అనేది.

ఆ పీట జానెడు ఎత్తున్న మామూలు చెక్క పీట. పని పూర్తయ్యాక పిన్ని బండికి ముప్ఫై అడుగులు వెనక రోడ్డు మీద దాన్ని వేసేది. మొదట, పని చేసినవాళ్ళు దాని మీద కూర్చుని లైట్లు చూడాలి. తరవాత డ్రైవరు కూడా దిగొచ్చి కూర్చోవాలి. అతను కూర్చుంటే ఆవిడ క్యాబిన్‌లోకి ఎక్కి బ్రేకు తొక్కేది. ఇద్దరూ చూశాకే చీటీ మీద కొట్టు ముద్ర పడేది. ఆ ముద్ర ఉందంటే వైరింగు గురించి యజమానులు మళ్ళీ అడిగేవాళ్ళు కాదు. పీట సంగతి నా పుస్తకాల్లో ఎక్కడా లేదు కాబట్టి నేను లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి.

ఒకసారి పలాస నుంచి వచ్చిన డ్రైవరు ఒకతను కూర్చోనని మొండికేశాడు. “పదిహేనేళ్ళ బట్టి తోల్తన్నాను పిన్నీ. నా బండి నాకు తెల్దేటి?” అన్నాడు.

“తెల్దు,” అంది ఆవిడ. “నీ బండి ఎనకాల నువ్వెప్పుడేనా ఉన్నావేటి? కూకో.”

గొణుక్కుంటూ కూర్చున్నాడు. ఆవిడ బ్రేకు తొక్కింది. కాసేపటికి అతనే, వేలాడుతున్న తాడు అడ్డొచ్చి కుడి పక్క లైటు సగమే కనిపిస్తోందని చెప్పాడు. పిన్ని దిగొచ్చి నా వైపు తిరిగింది. “నిల్చుంటే ఆ తాడు కనపడదు. బరువేసుకుని వొచ్చీవోడు తలెత్తి సూడడు, కిందకే సూస్తాడు. ఆడి కన్ను ఈడుంటాది,” అని పీట వైపు చూపించింది. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. అయినా మనసుకి ఎక్కించుకున్నానని చెప్పలేను.

మూడేళ్ళు గడిచాక ఆవిడకు కంట్లో శుక్లం ముదిరి ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది. మూడు వారాలు వంగకూడదు, దుమ్ములోకి రాకూడదు. తాళాలూ, ముద్రా నా చేతిలో పెట్టి, “పీట మర్సిపోకు,” అని మాత్రం అంది.

మొదటి వారం దాటకుండానే ఒక ట్రైలరు యజమాని వచ్చాడు. మర్నాడే బండికి తనిఖీ ఉంది. వెనక వైరంతా నదిగాలికి పచ్చగా చిలుము పట్టిపోయింది. అది మొత్తం మార్చాలంటే రెండు రోజుల పని. “మీరు చదువుకున్న ఇంజనీరు బాబు, మీరు తలుచుకుంటే కానిదేముంది,” అన్నాడతను. ఆ మాటకి నేను పొంగిపోయాను. కొట్టులో చూపించడానికి వేలాడదీసిన మంచి లైట్ల సెట్టు ఒకటుండేది. దాన్ని ట్రైలరు వెనక బిగించి, బ్యాటరీ నుంచి ఒక విడి వైరు లాగి తాడుతో కట్టేశాను. తనిఖీ అయ్యాక బండి వస్తే, వేడెక్కి కాలిన వాసనేస్తున్న ఆ వైరు పీకేసి, సెట్టు విప్పి మళ్ళీ కొట్టులో వేలాడదీశాను. ఇలా ఒకే సెట్టుతో బండి తరవాత బండిని పాస్ చేయించడం ఆ చుట్టుపక్కల కొట్లలో అందరికీ తెలిసిన విద్యే. పిన్ని గడప మాత్రం అది ఎప్పుడూ తొక్కలేదు. వైరింగు వారం తిరక్కుండా చేయిస్తానని యజమాని అన్నాడు. నేను చీటీ మీద ముద్ర వేశాను. పీట తియ్యలేదు. చేసిన పని దొంగదని తెలిశాక దాని మీద కూర్చుని ఏం చూడాలి?

ఐదో రోజు పొద్దున్న మంచు బాగా కురిసింది. మెటియాబ్రుజ్ దగ్గర రోడ్డు పక్కన, వెనక ఒక్క లైటైనా లేకుండా ఆగి ఉన్న ఆ ట్రైలరుకి ఒక సైకిలు గుద్దుకుంది. సైకిలు మీద ఉన్నది రహీం మియా అనే దర్జీ. హ్యాండిలుకి కుట్టుపని గుడ్డల మూట కట్టుకుని, తల వంచుకుని తొక్కుతున్నాడట. ప్రాణం దక్కింది. కత్తెర పట్టే కుడిచెయ్యి మణికట్టు దగ్గర నలిగిపోయింది.

రెండు రోజుల తరవాత పోలీసు ఒకాయన ఆ చీటీ పట్టుకుని కొట్టుకి వచ్చాడు. కబురు విని పిన్ని నల్ల కళ్ళద్దాలతో ఇంటి నుంచి నడిచొచ్చింది. చీటీ చదవలేదు గానీ ముద్రని గుర్తుపట్టింది. కొట్టంతా ఒకసారి నెమ్మదిగా కలియజూసి, నన్ను తెలుగులో అడిగింది.

“పీట మీద కూకున్నావేట్రా?”

“కూకున్నాను పిన్నీ.”

ఆవిడ కొంచెంసేపు నా వైపే చూసింది. తరవాత పోలీసు వైపు తిరిగి బెంగాలీలో, “ముద్ర నాది. పని నా కొట్టుది. ఏం అడగాలన్నా నన్ను అడగండి,” అంది. నెల తిరిగితే నాకు ఈ తనిఖీ కేంద్రంలో ఇంటర్వ్యూ ఉంది. దొంగ లైట్లు కట్టినవాడికి లైట్లు చూసే ఉద్యోగం ఎవరిస్తారు? నేను నోరు మెదపలేదు.

ఆ తరవాత కోర్టు వాయిదాలు ఏడాదికి పైగా నడిచాయి. పిన్నికి తోడుగా నేనే వెళ్ళేవాణ్ణి. మెట్లెక్కుతుంటే చెయ్యి పట్టుకునేవాణ్ణి, మంచినీళ్ళ సీసా మోసేవాణ్ణి. కన్నకొడుకైనా ఇంత చెయ్యడని సందులో వాళ్ళు నన్ను మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు తింటూ నిలబడ్డవాణ్ణి నేను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోయేంత సిగ్గు. ట్రైలర్లవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. శుక్రవారాలు ఆవిడ మెటియాబ్రుజ్ వెళ్ళి రహీం మియాని చూసొచ్చేది. నన్ను రమ్మని ఒక్కసారీ అనలేదు, వస్తానని నేనూ అనలేదు. ఉద్యోగం వచ్చిందని సందేశ్ మిఠాయి పట్టుకెళితే, ఒక ముక్క నోట్లో వేసుకుని, “లైట్లు బాగా సూడు నాయనా,” అంది.

ఆ సంగతి మా ఇద్దరి మధ్యా మళ్ళీ వచ్చింది ఆవిడ మంచాన పడ్డాకే. కొట్టు మూసి అప్పటికి చాలాకాలమైంది. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని కమలాపండు ఒలుస్తూ, ఆవిడ మొహం చూడకుండా చెప్పేశాను.

“పిన్నీ, ఆ ట్రైలరప్పుడు నాను పీట మీద కూకోలేదు.”

“తెల్సు,” అంది. “దాని మీద రెండు వారాల దుమ్ముంది. కన్ను బాగైనాక కొట్లో నాను సూసిన మొదటిది అదే.”

“మరి తెల్సుండీ ఏల అడిగావు?”

“నువ్వు సెప్తావేమోనని.”

అంతే అంది. కోపంగా అనుంటే ఆ మాటను ఈపాటికి ఎలాగోలా మింగేసేవాణ్ణి. తరవాత కాసిని మంచినీళ్ళు అడిగి, తాగి, కళ్ళు మూసుకుంది. ఆ నెల్లోనే పోయింది.

సామాను తీసేస్తున్నప్పుడు ఆ పీట ఎవరికీ అక్కర్లేకపోయింది. నేను తెచ్చుకున్నాను. తనిఖీ కేంద్రంలో లైట్లు కొలవడానికి మిషన్లున్నాయి. అవి చూపించాల్సింది చూపించాక, ప్రతి బండి వెనకా ముప్ఫై అడుగులు లెక్కపెట్టి పీట వేసి కూర్చుంటాను. తోటివాళ్ళు దాన్ని ‘రమణ్‌దా సింహాసనం’ అంటారు; దా, దాదా అంటే ఇక్కడ అన్న. ఎందుకని అడిగితే, మా వైపు ఆచారమని చెప్తూ వచ్చాను. పిన్నికి చెప్పిన అబద్ధానికి ఇదొక పిల్ల అబద్ధం. మెటియాబ్రుజ్ వెళ్ళే బస్సు మా గేటు ముందు నుంచే పోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదు.

నిన్న ఆ లారీ వెనక కూర్చుని లేచాక, డ్రైవర్ని కూడా వచ్చి కూర్చోమన్నాను. అతను నవ్వాడు. “ఇది ఏ రూల్లో ఉంది దాదా?”

ఆచారమని చెప్పడానికే నోరు తెరిచాను. ఆ కాలిన వాసన ఇంకా ముక్కులోనే ఉంది.

“రూల్లో లేదు,” అన్నాను. “ఒకసారి కూర్చోకుండానే కూర్చున్నానని చెప్పాను. ఒక దర్జీ చెయ్యి పోయింది. తప్పు నాది. ఇంకొకరు మోశారు.”

అతను నవ్వడం మానేసి వెళ్ళి పీట మీద కూర్చున్నాడు. నేను క్యాబిన్‌లోకి ఎక్కి బ్రేకు తొక్కి పట్టుకున్నాను. మంచులో అద్దంలోంచి అతను కనిపించలేదు, గొంతు ఒక్కటే వినిపించింది.

“దాదా, ఇక్కణ్ణుంచి చూస్తే ఎడమ పక్క బ్రేకు లైటు కనిపించట్లేదు.”